కూర్మయ్య వంతు

మా బావ సూరాడ కూర్మయ్య భయస్తుడు. ఆయన ఎదుటే ఈ మాట అంటాను, ఆయనా కాదనడు. మా అప్ప, అంటే మా అక్క లక్ష్మణమ్మ మెళ్లో పుస్తె కట్టేటప్పుడు కూడా, మూడో ముడి జారిపోతుందేమోనని పక్కనున్న నన్ను పట్టుకుని చూడమన్నాడు. ఇంత పిరికి మనిషి రాజకీయాల్లో ఎలా నెగ్గుకొచ్చాడని, ఐసు దింపడానికి వ్యాను ఆపిన ప్రతి ఊళ్లోనూ నన్ను అడుగుతారు. నాకు తెలిసినంతలో ఆయన్ని పంచాయతీ ప్రెసిడెంటును చేసింది ఆ పిరికితనమే.

మాది గుల్లలపేట. భావనపాడుకు కాస్త ఎగువన, సముద్రాన్ని ఆనుకుని ఉంటుంది. ఉన్నవి రెండే వీధులు, ఉత్తర వీధి, దక్షిణ వీధి. మధ్యలో గంగమ్మ గుడి, గుడి ముందు పడవలు లాగిపెట్టే ఇసక. ఒక్కో వీధికీ ఒక్కో అలివి వల ఉంది. దాని ఒక కొస ఒడ్డున ఉంచి, మిగతా వలని పడవలో సముద్రంలోకి తీసుకెళ్లి చుట్టూ వేసుకొచ్చి, అప్పుడు ఆడా మగా అంతా తాళ్లు పట్టుకుని ఒడ్డుకి లాగుతారు. ఒడ్డు ఒకటే, వలలు రెండు. అందుకని వంతులు పెట్టుకున్నారు. సముద్రం బాగులేక వల వెయ్యలేకపోతే ఆ వీధి వంతు పోదు, బాగైన రోజుకి నిలిచి ఉంటుంది. వల నీళ్లలో పడిందా, ఇక చేప వచ్చినా రాకపోయినా వంతు చెల్లినట్టే. ఈ కట్టడి మా తాతల నాటిది. దీన్ని కాస్త గుర్తుపెట్టుకోండి, మా బావ పదవి చివరికి దీని దగ్గరే వచ్చి ఆగింది.

ఆయన తండ్రి ఉత్తర వీధి వలకి తాడు లాగేవాడు. పదో తరగతి తప్పాక కూర్మయ్య కూడా మిగతా కుర్రాళ్లతో కలిసి గుజరాత్‌లో వెరావల్ వెళ్లి బోటెక్కాడు. మబ్బు కనిపిస్తే వెనక్కి తిరుగుదామనేవాడట, ఇంజను చప్పుడు మారితే లేచి కూర్చునేవాడట. ఒక సీజను భరించాక బోటు డ్రైవరు ఆయన్ని పిలిచి, "ఒరే కూర్మయ్యా, నువ్వు ఒడ్డునుంటేనే మాకు బాగుంటాది. ఇంటికెల్లిపో" అన్నాడు. అలా వచ్చేసి వలలు బాగుచేసే పనిలో కూర్చున్నాడు.

ఒడ్డున కూర్చున్నాక ఆయన భయం ఊరందరికీ పనికొచ్చింది. తుఫాను కబురు వినబడితే చాలు, రెండు వీధులూ తిరిగి పడవలు పైకి లాగమని ప్రాణాలు తోడేసేవాడు. తుఫాను ఇంకెటో పోతే జనం నవ్వేవారు. ఒకసారి మాత్రం ఎటూ పోలేదు, మా మీదకే వచ్చింది. ఆయన పోరు పడలేక పైకి లాగిన పడవలే మిగిలాయి. ఎవరికైనా పింఛను ఆగిపోతే వాళ్లకంటే ముందు ఈయనకి అన్నం సహించేది కాదు. మండలాఫీసుకి వణుకుతూ వెళ్లేవాడు, వణుకుతూనే పని చేయించుకొచ్చేవాడు. వార్డు మెంబరుగా నిలబెట్టారు, నెగ్గాడు. నెగ్గిన రోజు జ్వరం తెచ్చుకున్నాడు.

కరోనా ఏడాది మా మగవాళ్లు బోలెడుమంది వెరావల్‌లో బోట్ల మీదే చిక్కుకుపోయారు. ఫోను ఆయన చెవికి అతుక్కుపోయింది. మన వీధి, వాళ్ల వీధి అని చూడకుండా ఒక్కొక్కరికీ చేసి, తిన్నారా, దగ్గుందా, పడుకోవడానికి చోటుందా అని అడిగేవాడు. బస్సులు దిగి వాళ్లు ఊళ్లోకి వచ్చిన రోజు అందరికంటే ఎక్కువ ఏడ్చింది ఆయనే. ఆ తర్వాతి ఏడాది పంచాయతీ ఎన్నికలొస్తే ఉత్తర వీధి మొత్తం ఆయన పేరే చెప్పింది.

దక్షిణ వీధి వాళ్లు చోడిపల్లి ధనరాజుని నిలబెడతామన్నారు. ధనరాజు మంచివాడే, మాట తిన్నగా ఉంటుంది. కానీ మా ఊళ్లో రెండు వీధులు పోటీ పడటమంటే పెద్దవాళ్లకి గుండె ఆగినంత పనవుతుంది. నా చిన్నప్పుడు ఒకసారి వల వంతు దగ్గరే తగువొచ్చి ఊరు కట్టుబాటు పెట్టుకుంది. కట్టుబాటంటే ఆ వీధి మనిషి ఈ వీధిలో అడుగు పెట్టకూడదు, పలకరించకూడదు, నిప్పు కూడా ఇవ్వకూడదు. అటు కాపురానికి వెళ్లిన ఆడపిల్లలు ఇసక మీద ఆ చివర నిలబడి, ఈ చివరనున్న తల్లిని చూసి ఏడ్చేవారు. ఇప్పుడు మా బావ కూతురు తులసిని ఇచ్చింది ఆ దక్షిణ వీధికే.

అందుకని రెండు వీధులకీ పెద్దయిన జగన్నాధం అందర్నీ గుడి దగ్గర కూర్చోబెట్టి ఒక ఒప్పందం చేశాడు. పోటీ వద్దు. పదవీ కాలంలో మొదటి సగం కూర్మయ్యది, రెండో సగం ధనరాజుది. మొదట ధనరాజు ఉప సర్పంచిగా ఉంటాడు, కూర్మయ్య రాజీనామా చేసి దిగిపోగానే బాధ్యత తీసుకుంటాడు. ఇద్దరూ దోసిట్లో సముద్రపు నీళ్లు పట్టుకుని గంగమ్మ ముందు వదిలి మాట ఇచ్చారు. ఇంతవరకూ అంతా సవ్యంగానే ఉంది. కానీ ముసలాయన లేస్తూ లేస్తూ, "మరేటీ నేదు, మన వల వంతులాగే అనుకోండి" అనేశాడు. అందరూ తలలూపారు. మాకు తెలిసిన న్యాయం అదొక్కటే కదా. ఆ ముక్క అనకుండా ఉంటే మా బావ ఆర్నెల్ల నిద్ర మిగిలేది.

ప్రెసిడెంటయ్యాక ఆయన చేసింది ఏమీ లేదనే చెప్పాలి. పంచాయతీకి వచ్చిన కాస్తా కరెంటు బిల్లుకీ చెత్త బండికీ సరిపోయేది. ఎండలో కూర్చుని వలలు బాగుచేసుకునేవాళ్ల కోసం ఒక రేకుల షెడ్డు వెయ్యాలని ఆయన ఆశ. తిరిగాడు, అడిగాడు, వచ్చే ఏడు చూద్దామన్నారు. ఆ వచ్చే ఏడూ అదే మాట అన్నారు. చేయించగలిగింది ఒక్కటే, పడవలు దిగేచోట ఒక స్తంభం, దాని మీద పెద్ద లైటు.

మా ఒడ్డు ముందర నీళ్లలో ఇసక తిప్పలున్నాయి. పొద్దు వాలాక వచ్చే పడవకి తిప్పల మధ్య దారి కనబడదు. లైటుకి ఎదురుగా వస్తే దారి తప్పదు. కరెంటు వాళ్ల చుట్టూ తిరిగి, విసుగెత్తించాడు, చివరికి వాళ్లే ఈ మనిషి బాధ పడలేక వేసి వెళ్లారు. దాని స్విచ్చు పెట్టెకి తాళం వేసి, తాళంచెవి మొలతాడుకి కట్టుకున్నాడు. సాయంత్రం తనే వెళ్లి వేసేవాడు, తెల్లారి తనే ఆపేవాడు. వాన వస్తే గొడుగేసుకుని దాని కింద నిలబడేవాడు, ఆరిపోతుందేమోనని. ప్రెసిడెంటు కదా, ఎవరికైనా చెప్పొచ్చు కదా అంటే, "ఆడు మరిసిపోతే?" అనేవాడు.

సగం కాలం దగ్గర పడింది. అప్పుడు మా ఉత్తర వీధి వాళ్లకి ముసలాయన మాట గుర్తొచ్చింది. ఒక సాయంత్రం పదిమంది మా బావ అరుగు మీద చేరారు. నిధులు రాలేదు, పనులు కాలేదు, అంటే సముద్రం బాగులేనట్టే. సముద్రం బాగులేకపోతే వంతు పోదు. కూర్మయ్య వల ఇంకా నీళ్లలో పడనే లేదు. ఇదీ వాళ్ల వాదన. నిజం చెప్పొద్దూ, మొదటిసారి విన్నప్పుడు నాకూ సబబుగానే తోచింది. ఆ తర్వాత నా మీద నాకే ఒళ్లు మండింది.

ఆ వాదన విన్నప్పటి నుంచీ మా బావ తిండి సగమైంది. కంచంలో చెయ్యి పెట్టి అలాగే కూర్చునేవాడు. ఎవరో పిలిచినట్టయి వీధిలోకి చూసేవాడు. ఆయనకి కుర్చీ మీద ఆశ లేదని నేను అబద్ధం చెప్పను. ఉంది. చిన్నప్పటి నుంచి పిరికోడు పిరికోడు అనిపించుకున్న మనిషిని ఊరంతా పెసిడెంటు అని పిలుస్తుంటే ఎవరికి మాత్రం తీపిగా ఉండదు? దిగిపోతే షెడ్డు లేదు, పేరు లేదు. దిగకపోతే గంగమ్మ ముందు వదిలిన నీళ్లున్నాయి, దక్షిణ వీధిలో కూతురుంది. తులసికి నెలలు నిండుతున్నాయి.

ఒకరోజు పొద్దున్న టెక్కలిలో పని ఉందంటూ నా వ్యాను ఎక్కాడు.

"ఒరే లక్ష్ముడూ, ఆ షెడ్డు ఒకటి ఏసీసి దిగిపోతానురా. మరేటీ అడగను" అన్నాడు.

"గంగమ్మ ముందు నీల్లొదిలినప్పుడు షెడ్డు సంగతి సెప్పినావేటి బావ?"

"నేదు."

"మరి?"

"వల వంతులాగే అన్నాడు గదా పెద్దయ్య. సముద్రం బాగోనప్పుడు వంతు నిలుస్తాది గదా."

"ఆ మాట మీద నీకు నమ్మకం ఉన్నాదా?"

ఆయన కిటికీలోంచి బయటికి చూశాడు. "నమ్మకముంటే నిద్ర పట్టును గదరా" అన్నాడు. టెక్కలిలో దిగి, ఏ పనీ లేకుండా బజారులో ఒక చుట్టు తిరిగి, మళ్లీ నా వ్యానే ఎక్కి వచ్చేశాడు.

ఇంటి దగ్గర మా అప్ప పుట్టబోయే బిడ్డ కోసం పాత నూలు చీరలు ఉతికి, చింపి, మడతపెడుతోంది. ఆయన్ని చూడగానే మొదలెట్టింది. "అటేపు దారి కట్టయిపోతే ఈ గుడ్డలు ఎవులి సేత పంపుతాను? నీ పంచాయతీ బంట్రోతు సేతా? నా మనవణ్ని నాను ఆ ఇసక కొసన నిలబడి సూడాలా?" మా బావ గోడకి చేరగిలబడి కళ్లు మూసుకున్నాడు. ఆయన చెయ్యి మొలతాడు దగ్గరి తాళంచెవిని తడుముతూనే ఉంది.

ధనరాజు కూడా వచ్చాడు. పోట్లాటకి కాదు, ఒంటరిగా వచ్చాడు. అరుగు ఎక్కకుండా కిందే నిలబడి, "బావ, నాను ఆగమంటే మా ఈదోలు ఆగుతారనుకోకు. నువ్వు మాట తప్పితే ఆ రోజు నుండే కట్టుబాటు పెడతారంట. నాకిష్టం ఉండి సెప్పట్లేదు" అన్నాడు. మా బావ కూర్చోమనైనా అనలేదు. అనకూడదని కాదు, ఆయన చూపంతా దక్షిణ వీధి వైపే ఉంది.

పదవి సంగతి తేల్చడానికి జగన్నాధం పిలిచిన మీటింగు రోజు పొద్దున్నే వల వెయ్యలేదు. ఎవరి వంతో నాకు గుర్తు లేదు, ఎవరికీ వల ధ్యాస లేదు. గుడి ముందు ఇసకలో ఉత్తర వీధి ఒక పక్క, దక్షిణ వీధి ఒక పక్క కూర్చున్నాయి. మధ్యలో జాగా వదిలేశారు. ఆ జాగా చూస్తే నాకు చిన్నప్పటి కట్టుబాటు గుర్తొచ్చింది. తులసి అటు పక్క ఆడవాళ్లలో ఉంది. మా అప్ప ఇటు పక్క ఉంది. ఇద్దరూ ఒకళ్లనొకళ్లు చూసుకుంటున్నారు కానీ ఎవరూ లేవలేదు.

మా వాళ్లు తమ వాదన చెప్పారు. దక్షిణ వీధి పక్క నుంచి కేకలు లేచాయి. జగన్నాధం చెయ్యెత్తితే ఆగాయి. ఆయనకి చూపు సరిగా ఆనదు. మా బావ ఎక్కడున్నాడో కనుక్కుని అటు తిరిగాడు.

"నాను వల వంతులాగే అన్న మాట నిజిమే. అన్నాక దాని పెకారమే నడవాలి. వల ఎయ్యనేకపోతే వంతు నిలుస్తాది. వల నీట్లో పడితే ఒక్క సేప రాకపోయినా వంతు సెల్లినట్టే. పడ్డాదా నేదా అని పక్కోలు సెప్పకూడదు, వల ఎవులిదో ఆలే సెప్పాలి. సెప్పు కూర్మయ్యా. నీ వల నీట్లో పడ్డాదా?"

అప్పుడు నాకు తెలిసింది ముసలాయన ఎంత ఇరకాటంలో పెట్టాడో. కుర్చీ నిలవాలంటే, ఊరంతా వినేలా, నేనేమీ చెయ్యలేదని మా బావ తన నోటితో తనే చెప్పుకోవాలి. వెనక నుంచి మా వీధి కుర్రాళ్లు, "పడనేదని సెప్పు మావ! సెప్పు!" అని గుసగుసలాడుతున్నారు. మా బావ లేచి నిలబడ్డాడు. ఎటు చెబుతాడో నాకూ తెలియదు, దేవుడి మీద ఒట్టు, ఆయనకీ తెలియదు.

"నాను..." అన్నాడు. "నాను ఏటీ సెయ్యనేదు పెద్దయ్యా. సెయ్యడానికి అవ్వనేదు."

మా పక్క వాళ్లు ఈలలు వేశారు. అటు పక్క మగవాళ్లు కండువాలు దులుపుకుని లేవబోయారు. ఇక అయిపోయిందనుకున్నాను. తులసి తల దించేసుకుంది. మా అప్ప నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది.

అంతలో మా ఉత్తర వీధిలోంచే దేముడమ్మ లేచింది. చేపల తట్ట మోసుకుని ఊళ్లు తిరిగి అమ్మే మనిషి, పంచాయతీ గొడవలు ఆమెకి అక్కర్లేదు. వంతు నిలవాలో పోవాలో అసలు వింటున్నట్టు కూడా లేదు. ఆమెకి కోపమొచ్చింది, అంతే.

"అదేటి బావ, ఏటీ సెయ్యనేదంటావు? ఆ లైటు ఎవులెట్టించినారు? మొన్న వానల్లో గాలికి మా కుర్రోడు ఈశ్వర్ పడవ దారి తప్పితే, ఆ లైటు సూసుకునే గదా ఒడ్డెక్కినాడు. నువ్వు గొడుగేసుకుని దాని కింద నిలబడ్డావు గదా. ఏటీ సెయ్యనేదని ఎలగంటావు? అలగనకు. పాపం తగుల్తాది."

"కూకోయే, నోర్మూసుకుని కూకో" అని మా వాళ్లు ఆమెని చీర పట్టుకుని లాగారు. ఆమె కూర్చోలేదు. తను చేసిన పనేమిటో ఆమెకి అర్థం కాలేదు, మనిషిని పొగిడాననే అనుకుంటోంది. ఆమె మాటకి అటు పక్క లేవబోయిన వాళ్లు మళ్లీ కూలబడ్డారు.

"కూర్మయ్యా, మళ్లీ అడుగుతన్నాను" అన్నాడు జగన్నాధం.

మా బావ లైటు స్తంభం వైపు చూశాడు. పగటి పూట దానిలో చూడటానికి ఏముంది, ఇనప కర్ర. అయినా అటే చూస్తున్నాడు. ఆయన ముఖం నేను ఎన్నేళ్లుగానో చూస్తున్నాను, ఎప్పుడూ ఏదో ఒక భయం కదులుతూ ఉంటుంది. ఆ కాసేపు అది లేదు. మొలతాడు నుంచి తాళంచెవి విప్పాడు. ముడి గట్టిపడిపోయి వెంటనే రాలేదు. ఊరంతా ఆయన ఆ ముడి విప్పేదాకా ఆగింది.

"ఆ లైటు నానే ఎట్టించినాను" అన్నాడు. "అది ఎవులూ ఎట్టించనేదంటే నానొప్పుకోను. వల పడ్డాది పెద్దయ్యా. నా వంతు సెల్లిపోనాది."

మధ్యలో వదిలేసిన జాగాలోకి నడిచి, తాళంచెవి ధనరాజు చేతిలో పెట్టాడు. మా వీధి కుర్రాళ్లు తిట్టిన తిట్లు నేను రాయలేను. కొంతమంది ఆయనతో మాట్లాడటం మానేశారు, ఇప్పటికీ మాట్లాడరు. మా అప్ప మాత్రం తిట్లు వినబడనట్టే లేచి, నేరుగా ఆ జాగా దాటి వెళ్లి కూతురి పక్కన కూర్చుంది.

ఆ సాయంత్రం బావని పలకరిద్దామని వెళితే ఇంట్లో లేడు. ఒడ్డున, లాగిపెట్టిన పడవ పక్కన నిలబడి ఉన్నాడు. పొద్దు వాలిపోయింది, లైటు వెలగలేదు.

"మరిసిపోనాడురా ధనరాజు" అన్నాడు. "మొదటి రోజే మరిసిపోనాడు. రెండు పడవలు ఇంకా రానేదు. ఎల్లి అడుగుదునా? అడిగితే, దిగిపోయినోడు ఇంకా పెత్తనం సేస్తన్నాడంటారేమో?"

"మరిసిపోడు, కాసేపాగు బావ" అన్నాను. ఆయన ఆగలేదు. నాలుగడుగులు వేసి వెనక్కి వచ్చాడు, మళ్లీ నాలుగడుగులు వేశాడు. నాకు విసుగొచ్చి, ఆయన్ని తిట్టబోయేసరికి లైటు వెలిగింది.

స్తంభం దగ్గర స్విచ్చు పెట్టెకి తాళం వేస్తూ ఎవరో నిలబడి ఉన్నారు. వెలుగులో పోల్చుకున్నాం. తులసి. స్తంభానికి దగ్గరి ఇల్లు ఆమెదే కదా అని ధనరాజు తాళంచెవి ఆ పిల్లకి ఇచ్చాడట. నడుం మీద చెయ్యి వేసుకుని ఇసకలో మెల్లగా ఇంటికి నడుస్తోంది. మమ్మల్ని చూసి ఆగి చెయ్యి ఊపింది.

మా బావ సంతోషిస్తాడనుకున్నాను. ఆయన ముఖంలోకి ఆ పాత భయం మళ్లీ వచ్చేసింది.

"నిండు నెల్లు గదరా దానికి. ఇసకలో కాలు మడతపడితే? ధనరాజుకి బుద్ధుండక్కర్లేదా?" అని, నా జవాబు కోసం చూడకుండా, "ఒసే తులసీ, ఆగే! నాను పట్టుకుంటాను ఆగు!" అని కేకేస్తూ దక్షిణ వీధిలోకి బేగి బేగి నడిచిపోయాడు. దారిలో ఎవరూ ఆయన్ని ఆపలేదు.